తాగునీళ్ల బిందె

ఒక వస్తువును తీసి దాని చోట దాన్ని పెట్టినందువల్ల ఒక నిజం అరవై ఏళ్లు చోటు తప్పి తిరిగింది. ఆ వస్తువును పెట్టిన చేతులు నావి. ఆనాడు ఆ ఇంట్లో తిరిగిన పెద్దవాళ్లెవరూ ఇప్పుడు లేరు. చూసినదాన్ని చూసినట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. బడిలో తెలుగు చెప్పిన కాలమంతా, తప్పు రాసిన పిల్లవాడి చేత ఆ మాటను పదిసార్లు సరిగా రాయించేవాణ్ణి. నా తప్పును నేను ఒక్కసారైనా సరిగా రాయకుండా వెళ్లిపోవడం న్యాయం కాదు. దయ్యాలను నమ్మమని గాని, నమ్మవద్దని గాని నేను ఎవరికీ చెప్పను. ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో వరుస తప్పకుండా చెప్పడం వరకే నా పని.

ఆడికృత్తిక పండుగ కావళ్ల రద్దీ తీరి, తిరుత్తణి కొండ కింద మా వీధిలో నలిగిన బంతిపూలను ఊడ్చిపోసిన మూడవనాడు, పొద్దున పదిన్నరకు కమల వచ్చింది. కమల నా చిన్న మేనమామ కూతురు. తిరువాలంగాడు దగ్గరి మా అమ్మ పుట్టినూరిలో, ఆ పాత ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నది. చేతిలో ఒక వైరు సంచి, సంచిలో తువాలు చుట్టిన బరువైనదేదో ఉంది.

"ఏం బావా, ఇంకా గడియారం చూసుకొనే కాఫీ తాగుతుండావా?"

"పదకొండుకు. కూర్చో."

"అయితే అరగంట కాచుకోవాల నేను. మొగుడు పోయినా నాకు టైము చెప్పేవాడు ఒకడు మిగిలినాడు దేవుడా" అని నవ్వి, సంచిలోని దాన్ని నా రాతబల్ల మీద పెట్టి తువాలు తీసింది.

ఇత్తడి బిందె. మెడకింద మూడు గీతలు, కడుపున బొటనవేలు పట్టేంత సొట్ట. అరవై ఏళ్ల కిలుము కింద కూడా దాన్ని గుర్తుపట్టడానికి నాకు కళ్లద్దాలు అవసరం కాలేదు.

"మనవరాలి పెండ్లికని సున్నం కొట్టిస్తా అటక మీది సామాను దించితే దొరికింది. బోర్లించి, గొలుసేసి దూలానికి కట్టిండారు. బిందెను ఎవురన్నా గొలుసేసి కడతారా బావా? అప్పుడు తట్టింది నాకు. అవ్వ పోయేముందు 'ఆ బిందె సంగతి మీ బావను అడుగు, వాడికి తెలుసు' అనింది. ఏ బిందె అని అడిగేలోపల మాట పడిపోయింది. ఇన్నేండ్లూ ఏ బిందో తెలీలే. ఇదేనా?"

నేను బిందె సొట్టను బొటనవేలితో తడిమాను. ఆమె నవ్వు ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆవణి నెలలో దివ్య పెండ్లి. అమ్మను పిలవాల. నా పెండ్లికి పిలిస్తే రాలే. నా కూతురి పెండ్లికి పిలిస్తే రాలే. రెండు తూర్లూ ఆ చేనిబాయి గట్టునే పిలిచినాము, పువ్వు కదల్లే. ఊర్లో ఏమంటారో నీకు తెలీదా? దూకిన మనిషి రాదంట. నాలుగేండ్ల బిడ్డను నన్ను వదిలేసి, తానుగా దూకిందంట. అది నిజమైతే నిజమనే చెప్పేయి బావా. ఇంగ నేను పిలవను. అడిగి అడిగి అవమానపడేదానికి నాకూ వయసైపోయింది."

చదివేవారికి ఈ పిలుపు సంగతి చెప్పాలి. విజయనగరం కాలంలో ఇటు దిగివచ్చిన మా రైతు కుటుంబాలలో పెండ్లికి ముందు ఒక ఆచారం ఉంది. ముత్తైదువగా పోయిన ఆ ఇంటి ఆడమనిషిని నీటిగట్టు నుంచి పిలిచి ఇంటికి తెచ్చుకుంటారు. మేము పేరంటాలంటాము, చుట్టూ ఉన్న అరవవాళ్లు పూవాడైక్కారి అంటారు. పసుపు పూసిన కొత్త కుండలో ఆ నీళ్లే ముంచి, వేపాకు కట్టి, పైన ఒక్క ఎర్ర గన్నేరు పువ్వు నిలుపుతారు. పంబ అనే జంటడోలు వాయించేవాడు ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరూ ముట్టకుండా పువ్వు రాలిపడితే ఆమె వచ్చినట్టు. అప్పుడు ఇంటివాళ్లలో ఎవరో ఒకరి మీద పలుకుతుంది. పలికిన మాటను ఊరికే ఒప్పుకోరు. నీ పేరేమి, నువ్వు ఎట్లా పోయావు, గుర్తు ఏమిటి అని పంబకారుడు వరుసగా ప్రశ్నిస్తాడు. తరువాతి కాలంలో ఒకసారి సాక్షిగా కోర్టులో నిలబడినప్పుడు, ఆ వకీలు ప్రశ్నల కంటే మా పంబకారుని ప్రశ్నలే కట్టుదిట్టమైనవని నాకు అనిపించింది. ఒక నియమం మాత్రం అన్నిటికీ మూలం. మనిషి ఎక్కడ పోయిందో అక్కడే పిలవాలి. వేరే చోట పిలిస్తే ఆమెకు వినిపించదు.

ఉన్నత పాఠశాల చివరి రెండేళ్లూ నేను ఆ ఇంట్లో ఉండి, పాసింజరు బండిలో తిరువళ్లూరుకు వెళ్లి చదువుకున్నాను. ఇంట్లో అవ్వ, పెద్దమామ, పెద్దత్త, వాళ్ల కూతురు, చిన్నత్త, ఆమె బిడ్డ కమల. చిన్నమామ రైల్వే ఉద్యోగి, దూరపు స్టేషన్లలో పనిచేస్తూ రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాడు. ఆ ఇంటిని తలచుకుంటే నాకు మొదట వచ్చేది వాసనలే. తెల్లవారగానే తడిసిన పేడ, ఆ వెనుక అవ్వ నశ్యం, పొద్దెక్కితే మసిలే ఉలవలు, చెరకు నరికే కాలంలో వీటన్నిటినీ కప్పేస్తూ చేను వైపు నుంచి వచ్చే బెల్లపు పాకం. చేనిలో పెద్దమామకు బెల్లం వండే పాక ఉండేది. పెద్ద పొయ్యి, దాని మీద మనిషి పడుకోగలంత కొప్పెర, చుట్టూ చెరకు పిప్పి. పెద్దమామ భారీ మనిషి. సాయంకాలం అరుగు మీద కూర్చుని అరవ పేపరు గట్టిగా చదివేవాడు. దాహమైతే చెయ్యి చాపేవాడు, చేతిలోకి చెంబు వచ్చేది. తన జీవితంలో ఆయన ఒక్క చేద నీళ్లు తోడినవాడు కాడు. ఆ చాపిన చెయ్యి ఈ కథకు ముఖ్యం.

ఆ ఊరి నీళ్లు రెండు రకాలు. వీధిబావి నీళ్లు తీపి, చేనిబావి నీళ్లు ఉప్పు. తీపినీళ్లు తాగడానికి, వంటకు. ఉప్పునీళ్లు పశువులకు, కడుగుడికి. రెంటికీ వేరు వేరు పాత్రలు. చేనిబావికి ఇనుప బకెట్టు, మట్టికుండలు వెళ్లేవి. తాగునీళ్లకు ఈ ఇత్తడి బిందె ఒక్కటే. వంటింటి మూల ఇసుక పోసిన నీళ్ల అరుగు మీద దాని చోటు దానిదే. ఈ క్రమానికి కాపలా చిన్నత్త. ఆమె పేరు మునిరత్నమ్మ. సన్నని మనిషి, చురుకైన నోరు. పెద్దమామకు తాగునీళ్లతో ఎండలో బయలుదేరేటప్పుడు ఎడమచేత్తో కొంగు తలమీదికి లాగి, దాని కొసను నడుములో దోపుకునేది.

"అబ్బయ్యా, ఆ బిందెను చేనిబాయికి ఎత్తుకొని పోయినావంటే చెయ్యి ఇరిచి పొయ్యిలో పెడతా."

"చెయ్యి ఇరిస్తే నీకు అక్షరాలు ఎవరు దిద్దిస్తారత్తా?"

"రెండోది ఉంటుంది కదా, దాంతో దిద్దించు."

ఆమెకు నేను రోజూ సాయంకాలం అక్షరాలు దిద్దించేవాణ్ణి. ఆరణి ఏటి ఒడ్డున ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండెకరాలు ఉండేవి. వాటిని తన పేర మార్చుకోవాలని పెద్దమామ ఒక కాగితం రాయించి పెట్టుకున్నాడు. "వేలిముద్ర వేసేదానికి చదువెందుకు" అని ఆయన అరుగు మీద నుంచి అంటే, "చదవకుండా ఏ కాగితం మీదా నేను చెయ్యి పెట్టను బావా" అని ఈమె లోపలి నుంచి జవాబిచ్చేది. గుణింతాలు అయిపోయాయి. ఇక పది రోజులైతే కూడబలుక్కుని చదవగలిగేది.

ఒక శనివారం. బడి ఒంటిపూట. మధ్యాహ్నపు బండి దిగి చేలగట్ల మీదుగా నడిచి వస్తుంటే, చేనిబావి చుట్టూ జనం. ఆ ఏటి ఆఖరి వంట ముందురోజే ముగిసి, పాకలో కూలీలెవరూ లేరు. చిన్నత్తను అప్పటికే పైకి తీసి, వేపచెట్టు నీడలో పడుకోబెట్టి చీర కప్పారు. తల వెనుక దెబ్బ ఉంది. బావి ఒర తగిలిందన్నారు. నీళ్లు తోడబోయి కాలు జారిందని పెద్దమామ చెప్పాడు. పోలీసులు వచ్చారు, చూశారు, అదే రాసుకున్నారు. జారలేదు, దూకిందని వీధి గుసగుసలాడింది. నేను మాత్రం గట్టు మీద నిలబెట్టి ఉన్న పాత్రను చూస్తున్నాను. చేంతాడు మెడకు కట్టి, సగం దాకా నీళ్లు నింపి, నిటారుగా నిలబెట్టిన పాత్ర. ఇత్తడి బిందె. నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఇంత దుఃఖం మధ్య పదిహేడేళ్ల వాడికి ఆ బిందె గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఎందుకో నాకూ తెలియదు. చనిపోయిన మనిషిని నేనేమీ చేయలేను. చోటు తప్పిన బిందెను దాని చోట పెట్టగలను. తాడు విప్పి, ఆ నీళ్లు పారబోసి, ఇంటికి తీసుకువెళ్లి, పెరట్లో కూర్చుని తోమాను. అవ్వ వంటింటి గడపలో నిలబడి చూసింది.

"ఇప్పుడెందుకబ్బయ్యా అది?"

"తావు తప్పింది అవ్వా. చేనిబాయి కాడ ఉండింది."

అవ్వ నా ముఖం చూసింది. బిందెను చూసింది. ముక్కుపొడుం డబ్బీ మూత తెరిచి, పొడుం తీయకుండానే మూసింది. "పెట్టేయి" అన్నది. పెట్టేశాను.

తరువాతి ఏడాది పెద్దమామ కూతురి పెండ్లి కుదిరింది. ఆచారం ప్రకారం చిన్నత్తను పిలవాలి. ఈ పిలుపులు సాధారణంగా పొద్దు వాలాక జరుగుతాయి. పంబకారుడు ఏలుమలైకి ఆ రోజే సాయంకాలం వేరే ఊళ్లో పని ఉండడం వల్ల మిట్టమధ్యాహ్నం పెట్టుకున్నారు. మా నీడలు మా పాదాల కిందే ఉన్నాయి. చేనిలో ఒక్క పిట్ట కూడా లేదు. ఏలుమలై పంబ మీద పుల్ల ఆడించి, "వామ్మా మునిరత్నం, ఎంగమ్మా ఇరుక్కే?" అని, ఎక్కడున్నావు తల్లీ అని, అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి పిలిచాడు. పువ్వు కదలలేదు. మళ్లీ పిలిచాడు. మూడవసారి పిలిచి, పంబ దించి, చెమట తుడుచుకున్నాడు.

"నీళ్లలో ఆయమ్మ లేదు సామీ."

"సరిగ్గా పిలువు" అన్నాడు పెద్దమామ.

"ముప్పై ఏండ్లుగా పిలస్తుండాను. నీళ్లలో పోయిన మనిషి కూలివాళ్లను పిలిచినట్టు పిలిచినా వస్తుంది. ఈయమ్మ ఈడ పోలే. యాడ పోయిందో ఆడ పిలవండి."

"నోరు మూసుకొని కొట్టు" అన్నది అవ్వ.

అతడు కొట్టాడు. అప్పుడు పెద్దమామ లేచి నిలబడ్డాడు. భుజం మీది తువాలు తీసి, ఎడమచేత్తో తలమీదికి లాగి, దాని కొసను నడుములో దోపుకున్నాడు. అది చూడగానే పెద్దత్త నోట్లో కొంగు కుక్కుకుంది. అంత భారీ మనిషి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, గట్టు మీద గడ్డికి అరికాలు నొప్పి పుడుతున్నట్టు పక్కకు ఒదిగి నడుస్తూ, బెల్లం పాక వైపు వెళ్లాడు. ఏలుమలై కుండ ఎత్తుకుని వెనకనే నడిచాడు. మేమందరం వెళ్లాము. ఆ ఏడాది పాకలో పొయ్యి వెలగలేదు. చెరకంతా మిల్లుకు తోలారు. అయినా పాకలో అడుగుపెట్టేసరికి మరిగే పాకం వాసన, అడుగంటడానికి ఒక్క క్షణం ముందు వచ్చే ఆ ఘాటు వాసన, ముఖానికి కొట్టింది. పొయ్యి గట్టు పక్కన పెద్దమామ కూలబడి, తల వెనుక అరచెయ్యి పెట్టుకున్నాడు. కుండ మీది పువ్వు రాలింది.

"ఎవురమ్మా నువ్వు?" అన్నాడు ఏలుమలై.

"తెలీదా? ఈ ఇంటి చిన్న కోడల్ని."

గొంతు పెద్దమామదే. మాట చివర పైకి లేచే ఆ విరుపు మాత్రం చిన్నత్తది.

"గురుతు చెప్పు తల్లీ."

"దప్పికైతుంది. నీళ్లు తెండి, చెప్తా."

పెద్దత్త ఇంటికి పరుగెత్తి, తాగునీళ్ల బిందె పట్టుకొచ్చింది. పెద్దమామ తాగలేదు. బిందె మెడ మీది మూడు గీతలను వేలితో ఒకటొకటిగా తడిమాడు.

"ఇది నా తాగునీళ్ల బిందె కదా. దీంట్లో ఉప్పునీళ్లు పట్టిందెవురు?"

బిందెలో ఉప్పునీళ్లు ఉన్న సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను. మరొకడికి తెలిసి ఉండాలి కదా, నింపినవాడికి. అంతలో అదే నోటి నుంచి, ఏ విరుపూ లేని పెద్దమామ సొంత గొంతుతో జవాబు వచ్చింది.

"నేనే."

"ఎందుకు పట్టినావు బావా?"

"బిందె కనపడింది, పట్టినా. ఏ బిందె అయితే ఏమి అనుకున్నా."

"నేను యాడ పడినా?"

పెద్దమామ చెయ్యి లేచి పొయ్యి గట్టు రాతిని రెండుసార్లు చరిచింది. "ఈడ."

"ఆపు!" అవ్వ ముందుకు వచ్చి పంబ మీద చెయ్యి వేసింది. "ఇది మా కోడలు కాదు. యాడిదో గాలి. నా బిడ్డను పట్టుకుంది. వేపాకు కొట్టి తరమండి."

ఏలుమలై ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తరువాత కుండలోని నీళ్లను పొయ్యి ముందు మెల్లగా వంచి, తాంబూలం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. పెండ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. చిన్నమామకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరణి పొలం కాగితం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరునాడే అవ్వ బిందెను బోర్లించి, గొలుసుతో అటక దూలానికి కట్టించింది. పెద్దమామ ఆ తరువాత పన్నెండేళ్లు బతికాడు. ప్రతి మధ్యాహ్నం పేపరు మధ్యలో ఆపి అటక వైపు తలెత్తేవాడు. దాహానికి చెయ్యి చాపి, చెంబు చేతికి వస్తే, తాగకుండా పక్కన పెట్టేవాడు. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ ఒకసారి విన్నాను. బోర్లించిన ఆ పొడిబిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు. అడుగున మొదట గలగలమని, నిండుతూ వచ్చేకొద్దీ సన్నబడి, మెడ దాకా వచ్చి ఆగిపోయింది. నేను చెవులకు వైద్యం చేయించుకున్నాను. వైద్యుడు నా చెవులలో ఏ దోషమూ లేదన్నాడు.

పదకొండుకు కాఫీ కలిపి ఇచ్చి, ఇదంతా కమలకు ఇదే వరుసలో చెప్పాను. చివర ఇట్లా అన్నాను: "నేను చేసింది ఒక్కటే. బిందెను చింతపండుతో తోమి దాని చోట పెట్టాను. బిందె తావు తప్పిందని మాత్రమే ఆనాడు నాకు తెలుసు. మీ అమ్మ యాడ పోయిందో ఏడాది తర్వాత పెద్దమామ నోట విన్నాకనే తెలిసింది."

ఆమె కాఫీ ముట్టుకోలేదు.

"అయితే దూకలే."

"దూకలేదు."

"నన్ను వదిలేసి పోలే."

"లేదు."

"అరవై ఏండ్లు బావా. నా పెండ్లికి ఆ బాయి గట్టున నేను ఏడస్తా ఉంటే నువ్వు పక్కనే నిలబడి ఉండావు. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

జవాబుగా నా దగ్గర ఉన్నవి కొన్ని వాక్యాలే. ఆ ఇంటి అన్నం తిన్నాను. అవ్వ మాటకు ఎదురు చెప్పే వయసు కాదు. ఆధారం లేదు, ఉన్న ఒక్క ఆధారాన్ని నేనే తోమేశాను. తరగతిలో ఏ పిల్లవాడైనా ఇటువంటి జవాబు ఇస్తే నేను నిలబెట్టి ఉండేవాణ్ణి. ఆమె నన్ను నిలబెట్టలేదు. బిందెను మళ్లీ తువాలులో చుట్టి, "శుక్రవారం పన్నెండుకు రా. తావు చూపించు" అని వెళ్లిపోయింది.

చేనిబావిని పూడ్చి ప్లాట్లు వేశారు. అంకెలు రాసిన రాళ్ల మధ్య తుమ్మమొక్కలు మొలిచాయి. బావి చోటు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే, బెల్లం పాక ఉన్న చోట ఇప్పుడు తాగునీళ్ల క్యాన్లు నింపే చిన్న కార్ఖానా ఉంది. ఊరిలో ఇప్పుడు తీపినీళ్లు, ఉప్పునీళ్లు అన్న తేడా లేదు. ఇరవై లీటర్ల క్యానే తాగడానికి, వంటకు, అన్నిటికీ. ఏ పాత్రకూ ఏ చోటూ లేదు. ఏ పాత్ర ఎక్కడ కనిపించినా ఇప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. ఆనాటి క్రమాన్ని నేను ఇంతకాలం పొగుడుతూ వచ్చాను. ఆ క్రమం ఒక హత్యను పట్టించింది, ఆ క్రమమే దాన్ని దాచింది. ఈనాటి అక్రమం కనీసం ఏదీ దాచలేదు.

కార్ఖానా కుర్రవాడు మర్యాదస్తుడు. మిషను ఆపి, "ఎంతసేపు పడుతుంది సార్? క్యాన్ల బండి రెండుకు వస్తుంది" అని మాత్రం అడిగాడు. పెండ్లికూతురు దివ్య శ్రీపెరుంబుదూరులో కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

"అవ్వా, వీడియో తీసుకోనా?"

"తీసినావంటే చెయ్యి ఇరిచి పొయ్యిలో పెడతా" అన్నది కమల. తల్లి ఆ మాట అనగా ఆమె విని ఉంటుందా, నాలుగేళ్ల పిల్లకు గుర్తుంటుందా అని నేను ఆలోచిస్తూ ఉండగానే కొత్త పంబకారుడు పుల్ల ఎత్తాడు. పంబ మీద పుల్ల పడక ముందే పువ్వు రాలిపడింది. సిమెంటు నేల మీద, క్లోరిన్ వాసన మధ్య నుంచి, పాకం వాసన లేచింది. కమల ఎడమచేత్తో కొంగు తలమీదికి లాగి, కొస నడుములో దోపుకుంది. దివ్య ముఖాన్ని రెండు చేతులలోకి తీసుకుని, తల నుంచి గడ్డం దాకా తడిమి, "నా బిడ్డ బిడ్డ బిడ్డవా" అన్నది. బిందెడు నీళ్లు తెప్పించుకుని, ఎత్తి, ఆపకుండా తాగింది. అరవై ఐదేళ్ల మనిషి అంత నీళ్లు తాగగలదని నేను అనుకోలేదు. తరువాత నా వైపు తిరిగింది.

"అబ్బయ్యా."

ఆ పిలుపుతో నన్ను పిలిచేవారు ఈ భూమి మీద ఎవరూ మిగలలేదు.

"చింతపండంటివే మొన్న. చింతపండు కాదు కదా అబ్బయ్యా. బూడిద."

అంతే అన్నది. కమల తూలిపోతే దివ్య పట్టుకుంది. తెలివి వచ్చాక కమల అడిగిన మొదటి మాట, "అమ్మ వచ్చిందా?" వచ్చిందన్నాను. ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. "బూడిదంటే ఏంది తాతా?" అని దివ్య నన్ను మూడుసార్లు అడిగింది. నేను బండి వేళ అయిందని చెప్పాను. జీవితంలో మొదటిసారి గడియారం చూడకుండా చెప్పాను.

ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇత్తడిని తోమేది చింతపండుతో. కిలుము పోయి మెరుస్తుంది. పొయ్యి బూడిద వాడేది జిడ్డుకు, జిగటకు. వంటింట్లో చింతపండు జాడీ నా చేతికందే దూరంలో ఉండగా, పెరటి మూల నుంచి కొబ్బరిచిప్పతో బూడిద ఎందుకు తెచ్చుకున్నాను? బండి కిటికీ పక్కన కూర్చుని, తిరువాలంగాడు దాటి అరక్కోణం వచ్చేసరికి నా వేళ్లకు ఆ జిగట తగిలింది. బిందె అంచు మీద, మెడ గీతలలో, ఎండి నల్లబడిన బెల్లపు పాకం. గోటితో గీరాను. పోలేదు. బూడిద వేసి, కొబ్బరిపీచుతో, అది పోయే దాకా తోమాను. బావి దగ్గర పాకం లేదు. పాకం ఉండేది ఒక్క చోటే. మధ్యాహ్నం ఆ బిందెతో పెద్దమామకు తాగునీళ్లు తీసుకుపోయేది ఎవరో, ఎక్కడికో ఆ ఇంట్లో నాకు తెలియనిది కాదు. ఏడాది తరువాత విన్నాకనే తావు తెలిసిందని నేను కమలకు చెప్పినది అబద్ధం. అది అబద్ధమని నాకు తెలియదనడం కూడా ఇప్పుడు నా నోటికి రావడం లేదు. గడపలో నిలబడి అవ్వ చూసింది చింతపండునో బిందెనో కాదు, నా చేతిలోని బూడిదను.

కమలకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పెండ్లిపత్రిక ఇవ్వడానికి రేపు పొద్దున వస్తుంది. పదకొండుకు కాఫీ ఇచ్చి, ఈ కాగితాలు మొదటి నుంచి చదివి వినిపిస్తాను. ఆ తరువాత నేను పెండ్లికి రావాలో వద్దో ఆమె చెబుతుంది.

చదివినవారికి ఒక మనవి. పిలుపులో వరుస తప్పి రాసి ఉంటాను. కుండకు వేపాకు ముందో పసుపు ముందో నాకు అనుమానమే. పాకకూ బావికీ మధ్య దూరం, ఆనాటి బండి వేళలు, ఏలుమలై అన్న మాటలు పొరపడి ఉండవచ్చు. ఆ వైపు ఊళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్లు చూసినది నేను రాసినదానితో సరిపోకపోతే, దయచేసి నన్ను దిద్దండి. మర్యాద కోసం ఆగవద్దు, నా వయసు చూసి వాయిదా వేయవద్దు. అన్నిటికంటే పెద్ద తప్పును దిద్దవలసిన మనిషే వచ్చి దిద్ది వెళ్లింది. తక్కినవాటికి కూడా ఆమెనే రప్పించకండి.